వెనక సీటు

1939 సెప్టెంబరు. ఏలూరు తంగెళ్ళమూడిలో ఆ ఉదయం వాన వెలిసింది. మొహిద్దీన్ ఎప్పటిలాగే తివాచీ మగ్గం ముందు కూర్చుని ఉన్ని ముడులు వేస్తున్నాడు. భార్య రబియా వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. విమానదళంలో పనిచేసే కొడుకు కాలేషా సెలవు మీద వచ్చి వారమైనా, తండ్రి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

రెండేళ్ళ క్రితం వజీరిస్తాన్ కొండల్లో తిరుగుబాటు అణచడానికి ప్రభుత్వం విమానాలను పంపింది. భారతీయుల దళం అప్పటికింకా పసిది. ఉన్నవి కొద్ది విమానాలు, కొద్దిమంది మనుషులు. అందుకే ఇంజన్లు బాగుచేసే కాలేషా లాంటివాళ్ళే వెనక సీట్లో మరతుపాకీ పట్టుకుని కూర్చునేవారు. అక్కడ ఊళ్ళ మీద బాంబులు పడ్డాయని మసీదు దగ్గర విన్న నాటినుంచి మొహిద్దీన్ ఇంట్లో కొడుకు పేరెత్తలేదు.

కాలేషా బజారునుంచి గబగబా వచ్చాడు.

"యుద్ధం మొదలైందటమ్మా. ఇంగ్లండుకీ జర్మనీకీ. సెలవులు రద్దు చేశారు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలి."

రబియా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "ఏవండీ, విన్నారా? ఇప్పుడైనా వాడితో మాట్లాడండి."

మొహిద్దీన్ కళ్ళెత్తలేదు. "ఏం మాట్లాడను? ఈసారి ఎవరి ఇళ్ళు కాల్చడానికి వెళ్తున్నాడో అడగనా?"

"ముందే విమానంలోంచి కాగితాలు వేసేవాళ్ళమండి నాన్నా, ఊరు ఖాళీ చెయ్యమని."

"నడవలేనివాళ్ళుంటారు. చదువురానివాళ్ళుంటారు. వాళ్ళకి నీ కాగితం ఏం చెప్తుంది?"

కాలేషా గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఒకాయన ఉన్నారండి. ఊరంతా ఖాళీ అయినా ఆయనొక్కరే ఇంటి ముందు నిలబడి మా వంక చూస్తున్నారు. తెల్లగడ్డం కనబడింది. చెబుదామని పైలట్ భుజం తట్టాను. అప్పటికే బాంబు వదిలేశారు. మళ్ళీ చూసేసరికి ఇల్లూ లేదు, ఆయనా లేరు. మీ ముఖం చూడలేకే ఇన్నాళ్ళూ ఇంటికి రాలేదు."

మొహిద్దీన్ చేతిలోని ఉన్ని జారింది. కొడుకు గర్వంగా తిరుగుతున్నాడనే ఇంతకాలం అనుకున్నాడు.

"మరి మళ్ళీ ఎందుకు వెళ్తున్నావురా?"

"వెళ్ళకపోతే జైలండి. అదొక్కటే కాదు. నేను బిగించిన ఇంజన్‌ని నమ్ముకునే అక్కడి పైలట్లు గాల్లోకి లేస్తారు. వాళ్ళని వదిలెయ్యలేను. వెనక సీటు వద్దని, షెడ్డులోనే ఉంటానని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో."

మొహిద్దీన్ లేచి చేతులు కడుక్కుని కొడుకు పక్కన కూర్చున్నాడు.

"రబియా, ఇద్దరికీ ఒకే పళ్ళెంలో పెట్టు."

రబియా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వడ్డించింది.

సాయంత్రం స్టేషన్‌కి తండ్రి కూడా వెళ్ళాడు. రైలు కదలబోతుంటే కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చేసింది మంచిదని అనలేను. ఆ పెద్దాయన కోసం రోజూ దువా చేస్తాను. నీ కోసం కూడా. కోపంలో పడి ఇన్నాళ్ళూ నీ కోసం చెయ్యలేదురా."

కాలేషా తండ్రి భుజం మీద తల ఆన్చి, చుట్టూ జనం చూస్తున్నా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.