చివరి పేజీ అడుగున పేరు

మా ఊరి పాత పత్రికాఫీసులో, రెండో అంతస్తున మెట్ల పక్కనే ఒక గది ఉండేది. అద్దాల గది అనేవాళ్ళు. రాత్రి ఒంటిగంట దాటిందంటే దాని ముందునుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు. బాత్రూముకి వెళ్ళాలన్నా కింద అంతస్తుకి పోయేవాళ్ళట — అదీ ఇద్దరిద్దరు.

నేను దెయ్యాల్ని నమ్మే రకం కాదు. కానీ ఇది మా మేనత్త చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పాలంటే ముందే మొహం ఎర్రబడిపోతుంది, పాపం. ఇది చెప్పినప్పుడు ఎర్రబడలేదు... పాలిపోయింది.

ఆ గది పెద్దాయనది. పత్రిక పెట్టినాయన. కొడుకులు పత్రిక అమ్మేసిన మర్నాడు ఆ కుర్చీలోనే పోయాడు. కొన్నాయన సబ్బుల కంపెనీ ఆసామి. దర్జాగా ఆ గదిలో కూర్చున్నాడు, నాలుగో ఏడు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఆయన దగ్గర కొన్న కాంట్రాక్టరు గదికి రంగులు వేయించి, బల్ల మార్పించి... ఆరేళ్ళకి కేసుల్లో ఇరుక్కుని రాత్రికి రాత్రి ఊరొదిలి పోయాడు. ఇంకేం, గదికి పేరొచ్చేసింది. పెద్దాయన ఇంకొకళ్ళని కూర్చోనివ్వడు అని టీ దగ్గర గుసగుసలు.

ఏడాది కిందట పత్రిక నాలుగో చేతికి వచ్చింది. ఈసారి ఒక కంపెనీ. దాని తరఫున వచ్చిన మేనేజరమ్మకి ఇలాంటివేం పట్టవు. అద్దాలు పీకించి, సరిగ్గా ఆ చోట మా అత్త బల్ల వేయించింది. అత్తది పేజీలు పెట్టే పని — వార్తలు, ఫొటోలు కంప్యూటర్లో అమర్చి ప్రెస్సుకి పంపడం. ఇరవయ్యారేళ్ళుగా రాత్రి డ్యూటీయే.

బల్ల వేసిన నెలకి మొదలైంది.

చివరి పేజీ అడుగున చీమల బారులా ఒక వరస ఉంటుంది, చూసే ఉంటారు — ప్రచురణ ఫలానా వారు అని. అక్కడ మేనేజరమ్మ పేరుండాలి. ఒకరోజు పొద్దున్న... పెద్దాయన పేరుంది. పోయి పదకొండేళ్ళయిన మనిషి పేరు.

అలా మూడుసార్లు. ఊళ్ళో నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. మేనేజరమ్మ నవ్వలేదు. రేపు కోర్టులో జవాబు చెప్పాల్సింది ఆ వరసలో పేరున్న మనిషే, ఇదేమన్నా ఆటా అని మండిపడింది. ఆవిడ అనుమానం రాత్రి ఇన్‌చార్జి మీద. పేజీ చదివి సంతకం పెట్టేది ఆయనే. పైగా పెద్దాయన చేరదీసిన మనిషి, అమ్మొద్దని అప్పట్లో కొడుకులతో గొడవపడ్డాడు కూడా. కావాలనే చేస్తున్నాడని తీర్మానించేసింది. ఇంకొక్కసారి జరిగితే ఇంటికే అని కాగితం చేతిలో పెట్టింది. ఆయన రిటైర్మెంటుకి ఇంకా ఏడు నెలలు.

ఆయనంటే అత్తకి సొంత అన్నయ్య లెక్క. ఆ రాత్రి ప్రూఫు మీద సంతకం పెట్టి, గొంతు తగ్గించి అన్నాడట —

"నేను కాదమ్మా. నువ్వైనా నమ్ముతావా?"

"మీరెళ్ళండి అన్నయ్యగారూ. ఎవరు మారుస్తున్నారో ఇవాళ నేను చూస్తాను."

ఒంటిగంట దాటింది. అంతస్తంతా ఖాళీ. అత్త నెత్తిమీద దీపం తప్ప అన్నీ ఆర్పేశారు. ఆ వారమే మేనేజరమ్మ పెట్టించిన కెమెరా నడుస్తోందో లేదో చూడమని కింద వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచింది.

తెర మీద చివరి పేజీ. అడుగున మేనేజరమ్మ పేరు... సరిగ్గానే ఉంది. రెండుసార్లు చదివింది.

ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

అత్త తల తిప్పలేదు — చూపు తీస్తే ఆ పేరు మారిపోతుందేమోనని భయం.

ఇంకేం కాలేదు. పేజీ పంపేసింది. కాసేపటికి కింద మిషను మొదలై నేల అదిరింది. హమ్మయ్య అనుకుంటూ దిగి, మొదటి కట్టలోంచి ఒక పేపరు లాగి చూసింది.

చివరి పేజీ అడుగున — పెద్దాయన పేరు.

అన్నయ్యగారి ఉద్యోగం పోయిందే అని అత్తకి ఏడుపొచ్చింది తప్ప, దెయ్యం సంగతి తట్టనే లేదట.

అప్పుడొచ్చాడు వాచ్‌మన్.

"అక్కా... ఒకసారి రండి."

కెమెరా గదిలో చూపించాడు. టైము ఒంటిగంట పదకొండు. బల్ల దగ్గర ఒకే ఒక్క మనిషి — అత్త. ఆవిడ వేళ్ళే చకచకా పేరు కొట్టేస్తున్నాయి.

"నాకేం గుర్తులేదురా," అంది నాతో. పెద్దాయన హయాంలో ఆ వరస కంప్యూటర్లో దాచుకుని మళ్ళీ వాడటానికి వీల్లేదట, ఏ రోజుకారోజు కొత్తగా కొట్టాల్సిందే. బాధ్యత రోజూ కొత్తగా నెత్తినెత్తుకోవాలనేవాడు. అలా పదిహేనేళ్ళు ఆ పేరు కొట్టిన వేళ్ళు. తీసుకెళ్ళి ఆయన చోటే కూర్చోబెట్టేసరికి, నిద్రమత్తులో వాటి పని అవి చేసుకుపోయాయి. దెయ్యం లేదు, గియ్యం లేదు.

"చెరిపేస్తానక్కా," అన్నాడు వాచ్‌మన్ మెల్లగా. "ఎవరికీ తెలీదు."

చెరిపేస్తే అత్త ఉద్యోగం నిలుస్తుంది, అన్నయ్యగారిది పోతుంది. కాసేపు ఆలోచించానురా అని చెప్పడానికి అత్త ఇప్పటికీ సిగ్గుపడుతుంది. చివరికి వద్దంది.

పొద్దున్నే తనే మేనేజరమ్మ గదికి వెళ్ళి, చేసింది నేనండి, ఆయన కాదు అని చెప్పేసింది. మేనేజరమ్మ రికార్డు మొదట్నుంచి పెట్టించుకుంది. రాత్రి అత్తా, వాచ్‌మనూ చూసింది చివరి ముక్కే — వేళ్ళు ఆడిన ముక్క.

ఆవిడ చూసింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది... ఏసీ గదిలో నుదురు తుడుచుకుంది. సొరుగులోంచి ఇన్‌చార్జి కాగితం ఆఫీసు కాపీ తీసి చింపేసింది. అత్తని పల్లెత్తు మాట అనలేదు. తెర మాత్రం అత్త వైపు తిప్పింది.

అందులో అత్త పేజీ చూస్తూ కూర్చుని ఉంది. ఉన్నట్టుండి గబుక్కున లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. ఖాళీ మెట్ల వైపు చూస్తూ ఒకసారి... ఇంకోసారి... తలూపింది. అప్పుడు కూర్చుని, కొట్టడం మొదలుపెట్టింది.

"నేనొచ్చి ఏడాదవుతోంది," అంది మేనేజరమ్మ. "నన్ను చూసి మీరు ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేవలేదు. రాత్రి... ఎవరొచ్చారని లేచారు?"