బెల్లం గూడ్సు

ఒంటిపూట బడి వదిలేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మా మనవరాలు యమున చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు విసిరేసి, పుస్తకాల సంచి నా ఒళ్లో పడేసి లోపలికి పరుగెత్తింది.

"కాళ్లు కడుక్కోమే!" అని అరిచాను.

"టయం లేదవ్వా! మదనపల్లెలో గూడ్సుబండి పొద్దున్నుంచి నిలబడుండాది. కుప్పానికి పోవల్ల!"

కంగారు పడకండి. మదనపల్లె అంటే ఊరు కాదు. మా నడిమింట్లో పట్టుపురుగుల తట్టలు పెట్టే స్టాండు ఉండేది. దాని అడుగు అరే మదనపల్లె. కుప్పం అంటే మా కిటికీ గట్టుకు ఆ చివర.

ఇదంతా వాళ్ల మేనమామ వల్ల వచ్చింది. ఆయన ఇల్లు కుప్పంలో, రైల్వే స్టేషను పక్క వీధిలో. అంతకు ముందు ఎండాకాలం సెలవులకు యమున అక్కడికి పోయింది. పోయిన రోజు నుంచి తిండి కూడా రైల్వే గేటు దగ్గరే. గూడ్సుబండి పోతే డబ్బాలు లెక్కపెట్టడం, ఇంజను డ్రైవరుకు చెయ్యి ఊపడం, ఇదే పని. తిరిగి వచ్చేటప్పుడు మామ ఒక బొమ్మ రైలు కొనిచ్చాడు. తాళం తిప్పితే నడిచే ఇంజను, రెండు డబ్బాలు, గుండ్రటి పట్టాలు.

వారం తిరగకముందే దానికి ఆ పట్టాల మీద విసుగు పుట్టింది.

"రైలంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవల్ల గదవ్వా! ఇదేంది, గానుగెద్దు మాదిరి తిరిగిందే తిరగతాండాది!"

పాత చంద్రిక ఒకటి విరిగి పెరట్లో పడి ఉంది. చంద్రిక అంటే పట్టుపురుగులు గూళ్లు కట్టడానికి వెదురు బద్దలతో అల్లిన పెద్ద తడిక. యమున ఆ బద్దలు ఊడదీసి, వాళ్ల నాయన చేత సన్నగా చీల్పించుకుని తిన్నటి పట్టాలు చేసింది. అయితే వాటిని ఎక్కడ పరవాలి? మా ఇల్లు చూస్తే రెండే గదులు.

మొదట వంటింటి గడప దగ్గర పరిచింది. మధ్యాహ్నానికే స్టేషను మీద చారు ఒలికింది. వాళ్లమ్మ అన్నపూర్ణ చీపురు తీసుకుని వచ్చింది. రైల్వే లైను మొత్తం అక్కడి నుంచి లేచిపోయింది.

తర్వాత నా మంచం కిందికి వచ్చింది. నా ఆకువక్క పెట్టెను ఖాళీ చేసి, రెండు పక్కలా తలుపులు తీసి, సొరంగం చేసింది. నాకు వక్క కావాలంటే రైలు సొరంగం దాటే దాకా ఆగాలి. "సిగ్నలు పడలేదవ్వా, ఉండు" అనేది. ఎన్నాళ్లని ఉండేది? పెట్టె నేనే లాక్కున్నాను.

చివరికి దానికి కిటికీ గట్టు దొరికింది. మా కిటికీ కిందికి ఉంటుంది, గట్టు వెడల్పు. ఆ చివర కుప్పం, ఈ చివర పుంగనూరు. నిజం పుంగనూరుకు రైలు లేదు. మేము పుంగనూరు వాళ్లం కదా, దానికి అదే పెద్ద బాధ. అందుకని గట్టు మీద పుంగనూరుకు స్టేషను కట్టింది. అగ్గిపెట్టెలతో టికెట్ల గది. ప్లాట్‌ఫారం పక్కన మట్టితో చేసిన పొట్టి ఆవు. పుంగనూరు ఆవు లేకుండా పుంగనూరు ఎట్లా అవుతుంది?

ఇక మదనపల్లె మిగిలింది. గట్టు మీద చోటు అయిపోయింది. గట్టుకు మూరెడు దూరంలో పురుగుల స్టాండు. పురుగులు ఇంకా చిన్నవి కాబట్టి తట్టలన్నీ పై అరల్లోనే ఉన్నాయి. అడుగు అర ఖాళీ. యమున చూపు దాని మీద పడింది. చీపురు పుల్లలు, వెదురు బద్దలు దారంతో కట్టి మూరెడు బ్రిడ్జి చేసింది. గట్టు మీద నుంచి స్టాండు మీదికి వేసింది. తొలి బండి మదనపల్లె చేరిన రోజు నాకూ, మట్టి ఆవుకూ చెరొక పూవు పెట్టింది!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పట్టుపురుగులకు చీమలంటే గండం. అందుకే స్టాండు కాళ్ల కింద సత్తు గిన్నెలు పెట్టి నీళ్లు పోస్తాం. స్టాండును గోడకు తగలనివ్వం. ఒక గుడ్డ కూడా దాని మీద నుంచి వేలాడకూడదు. మా ఇంట్లో పుట్టిన బిడ్డకు ఇది కొత్తగా చెప్పే పని లేదు. యమునకూ తెలుసు. కానీ అడుగు అరలో పురుగులు లేవు కదా అనుకుంది.

యమున సంచి నా ఒళ్లో పడేసి లోపలికి పరుగెత్తిన ఆ రోజు నేను వసారాలో కూర్చుని అలసందలు ఒలుస్తున్నాను. లోపలి నుంచి ఇంకా "కూ..." అని కూత వినపడలేదు. ఇదేందబ్బా అనుకునే లోపల యమున గడపలోకి వచ్చింది. నా వైపు చూసింది. మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది.

"ఏం మే, రైలు పడిపాయనా?"

 వాళ్ల నాయన, అంటే నా కొడుకు ముద్దుకృష్ణ, వసారాలోనే చాప మీద పడుకుని ఉన్నాడు. అప్పుడు పురుగులకు మూడో జ్వరం. జ్వరం అంటే జబ్బు కాదు. పాత చర్మం విడిచే ముందు పురుగులు ఆకు ముట్టకుండా, కదలకుండా, తల పైకెత్తి నిద్రపోతాయి. దాన్నే మా వైపు జ్వరం అంటారు. అవి నిద్రపోయినప్పుడే మాకూ కాస్త నిద్ర.

యమున పోయి వాళ్ల నాయన కాలు పట్టుకుని కదిపింది.

"నాయనా... లెయ్ నాయనా. చీమలు పట్నాయి. నా బ్రిడ్జి మీద నుంచి పోతాండాయి."

వాడు ఎట్లా లేచాడో, ఎట్లా లోపలికి ఉరికాడో! వెనకే నేను. బావి దగ్గర నుంచి అన్నపూర్ణ తడి చేతులతోనే వచ్చింది.

చూస్తే ఏముంది! కిటికీ సందులో నుంచి ఎర్రచీమలు బారుగా వస్తున్నాయి. కుప్పం దాటి, పుంగనూరు దాటి, యమున వేసిన పట్టాల మీదే బ్రిడ్జి ఎక్కి, మదనపల్లె చేరుతున్నాయి. అక్కడ గూడ్సు డబ్బా చీమలతో ఎర్రగా కుతకుతలాడుతోంది.

"దాంట్లో ఏం పెట్నావే?" అంది అన్నపూర్ణ.

"బెల్లం." గొంతు వినపడీ వినపడనట్టు ఉంది. "గూడ్సుబండి అంటే లోడు ఉండల్ల గదా మా... పొద్దున బడికి పోతా అట్నే మర్సిపోయినా."

కొన్ని చీమలు అప్పటికే స్టాండు కాలు పట్టుకుని పైకి పాకుతున్నాయి. పైన తట్టల్లో పురుగులు తలలెత్తుకుని నిద్రపోతున్నాయి. చీమ కుట్టినా పక్కకు జరగలేవు. ఇంటిల్లిపాదీ తెల్లారకముందే లేచి ఆకు కోసి పెంచిన పంట అది.

"నీ రైలు మన్నుగానూ!" అన్నపూర్ణ బ్రిడ్జి పీకడానికి చెయ్యి చాచింది.

"తియ్యాకు! తియ్యాకు!" ముద్దుకృష్ణ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "బ్రిడ్జి తీస్తే పైన ఉండేటివి యాడికి పోతాయి? కింద నీళ్లు. దిగే దారి లేకపోతే నేరుగా తట్టల్లోకే ఎక్కుతాయి."

ఆ మాట వినగానే యమున గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఎందుకో నాకు తర్వాత చెప్పింది. మమ్మల్ని పిలవకముందు అది రెండుసార్లు బ్రిడ్జి మీద చెయ్యి వేసిందట. తీసి కిటికీలో నుంచి పారేస్తే ఎవరికీ తెలియదు కదా అని.

ముద్దుకృష్ణ ఒక్క క్షణం నిలబడి చూశాడు. "ఏ దారిన వచ్చినాయో ఆ దారినే పంపించల్ల. ఎట్ల?"

యమున తల ఎత్తింది. "నాయనా, బెల్లం గూడ్సును కుప్పానికి తోలేస్తే?"

"తోలు మరి! మెల్లిగా."

ఇంజను మదనపల్లె వైపు మొహం పెట్టుకుని ఉంది. యమున దాన్ని ఊడదీసి, తిప్పి, డబ్బాకు ఇటు పక్క తగిలించింది. చీమలు వేళ్లకు పట్టాయి. కుట్టాయి. పళ్లు బిగపట్టింది గానీ చెయ్యి తియ్యలేదు. తాళం తిప్పి వదిలింది.

గిర్... అంటూ గూడ్సుబండి కదిలింది. డబ్బా నిండా చీమలు, డబ్బా పైన చీమలు. బ్రిడ్జి నడుమకు వచ్చి టక్కున ఆగిపోయింది.

"తాళం అయిపాయ!" అన్నాను నేను.

 యమున చీపురు పుల్ల తీసుకుని వెనక నుంచి మెల్లగా, మెల్లగా తోసింది. బండి ఊగింది. పడలేదు. పుంగనూరు దాటింది. మట్టి ఆవు దాటింది. కుప్పం చేరింది.

ఇక చూడండి! బెల్లం ఎటు పోతే చీమలు అటే. స్టాండు కాలు ఎక్కినవి దిగడం మొదలుపెట్టాయి. ఒకదాని వెనక ఒకటి, మళ్లీ ఆ పట్టాల మీదే, మళ్లీ ఆ బ్రిడ్జి మీదే. మేము నలుగురం కదలకుండా కూర్చుని, ఊరేగింపు చూసినట్టు చూశాం. ముద్దుకృష్ణ తట్టలు ఒక్కొక్కటే దించి వెలుతురులో పెట్టాడు. కింది తట్ట అంచున నాలుగు చీమలు దొరికితే అన్నపూర్ణ కోడి ఈకతో ఊడ్చేసింది. పురుగులు ఒక్కటీ చెడలేదు. తలలెత్తుకుని, మా గొడవ పట్టనట్టు నిద్రపోతున్నాయి.

"అమ్మయ్యా!" అని అన్నపూర్ణ నేల మీద చతికిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి దానికి నవ్వు వచ్చింది. "టికెట్ లేకుండా అన్ని చీమలు ఎక్కినాయి గదే, నువ్వేం స్టేషను మాస్టరువే?" అంది.

యమునకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. వాళ్లమ్మ దాన్ని దగ్గరకు లాక్కుని, చీమలు కుట్టిన వేళ్లకు సున్నం రాసింది.

చివరి చీమ దాటింది. "ఇప్పుడు తియ్యి" అన్నాడు ముద్దుకృష్ణ. యమునే బ్రిడ్జి ఎత్తింది. బెల్లం డబ్బాను కిటికీ బయట దూరంగా పెట్టి వచ్చింది. తడిగుడ్డతో గట్టు, స్టాండు కాళ్లు తనే తుడిచింది. తర్వాత మిగిలిన రైలంతా సంచిలో వేసి వాళ్లమ్మ చేతికి ఇచ్చింది.

"అటక మీద పెట్టు మా" అంది. ఎవరూ అట్లా చెయ్యమనలేదు.

మర్నాడు పురుగులు జ్వరం నుంచి లేచాయి. ముద్దుకృష్ణ మల్బరీ ఆకు తరిగి చల్లాడు. కాసేపటికి ఇల్లంతా సన్నటి చప్పుడు, పెంకుల మీద చినుకులు పడినట్టు. ఆకలి మీద ఉన్న పురుగులు ఆకు నమిలే చప్పుడు అది. ఆ చప్పుడు వింటే మాకు కడుపు నిండిపోతుంది. యమున తట్టకు చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నది. అన్నపూర్ణ దాన్ని చూసింది. స్టూలు వేసుకుని అటక మీది సంచి దించింది.

"అడగవేమే?"

"గూళ్లు దించినాక అడుగుదామనుకున్యా మా."

"ఆ కిటికీ కాడ నీ ఆవు ఒకటే నిలబడుండాది. సూడలేక పోతాండా. ఎట్ల పెడతావో నువ్వే సూసుకో."

ఈసారి యమున తొందరపడలేదు. స్టాండు పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. బ్రిడ్జికి స్టాండు వైపు కొసన దారం కట్టింది. కిటికీ పక్క గోడకు మేకు కొట్టించుకుంది.

ఆ పంట గూళ్లు దించి, ముద్దుకృష్ణ నిజం మదనపల్లె మార్కెట్టుకు తీసుకుపోయి వచ్చాడు. మళ్లీ కొత్త పురుగులు తెచ్చాం. అవి రెండో జ్వరంలో ఉన్నప్పుడు కుప్పం నుంచి వాళ్ల మామ కొడుకు గిరీష్ వచ్చాడు. పొద్దంతా ఇద్దరిదీ రైలే. గూడ్సులో ఇప్పుడు లోడు గులకరాళ్లు.

"సంగటి ఆరిపోతాండాది, రాండి!" అని అన్నపూర్ణ పిలిచింది.

గిరీష్ లేచి పరుగెత్తాడు. యమున కూడా గడప దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి పోయింది.

"అట్నే ఉండనీ మే, తిని మళ్లీ ఆడుకుందాం గదా!" అన్నాడు గిరీష్.

"మా లైను సంగతి నీకు తెలీదులేబ్బా" అంది యమున. దారం లాగింది. బ్రిడ్జి పైకి లేచింది. దారాన్ని మేకుకు రెండు చుట్లు చుట్టింది. వంగి, సత్తు గిన్నెల్లో వేలు పెట్టి చూసింది. ఒకదాంట్లో నీళ్లు తగ్గితే చెంబుతో పోసింది. అప్పుడు వచ్చి సంగటి ముందు కూర్చుంది.

నేను నా వక్క కోసం లోపలికి పోతూ చూశాను. ఎండలో దారి తప్పిన చీమ ఒకటి కిటికీ సందులో నుంచి వచ్చింది. కుప్పం దాటింది. పుంగనూరులో ఆవు చుట్టూ తిరిగింది. గట్టు అంచు దాకా పోయి, మీసాలు అటూ ఇటూ ఆడించింది.

ముందు దారి లేదు. వచ్చిన దారినే వెనక్కి పోయింది.