మంచులో పోసిన స్లాబు

మోర్వెన్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను గీసిన గీత వల్ల ఎవరో ఒకరు సాయంత్రం ఇంటికి చేరరని.

కడుపుతో ఉండగా బడి మానేసిన పిల్ల. కూతురు ఎఫీకి రెండేళ్లు నిండాక, డండీ పట్నంలో రేవు పక్కన కడుతున్న బిల్డింగ్‌లో ప్లానింగ్ అప్రెంటిస్‌గా చేరింది. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో కంప్యూటర్లో గీతలు గీయడమే ఆమె ఉద్యోగం.

మొదటి వారమే సెంట్రింగ్ మేస్త్రి స్ట్రూన్ ఆమె ప్లాన్ షీట్ పట్టుకుని బురద బూట్లతో ఆఫీసులోకొచ్చాడు.

"ఇది గీసింది నువ్వేనా? దీని లెక్కన నేను నిన్ననే పై అంతస్తులో ఉండాలి. రెక్కలు కూడా మీరే ఇస్తారా?"

"రెక్కలెందుకు? నోరు కాస్త తగ్గిస్తే పని అదే ముందుకెళ్తుంది."

మర్నాటి నుంచి రోజూ ఆమె బల్ల మీద స్ట్రూన్ తెచ్చిపెట్టిన వేడి బేకన్ బన్ను ఒకటి ఉండేది.

"నాకూ ఒక గీత గియ్యి పిల్లా. శనివారం. నువ్వు, నేను, ఎఫీ, సముద్రం."

"ఖాళీ లేదు," అనేది. నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగేది. బయట సన్నగా వాన.

జనవరిలో ఒక పొద్దున ఎఫీని నర్సరీకి తీసుకెళ్తోంది. దారిలో గుంటలో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. ఎఫీ దాని మీద ఎగిరెగిరి గెంతింది. మంచు పగల్లేదు.

మోర్వెన్ అక్కడే ఆగిపోయింది. స్లాబు కింద సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలన్న గీతను పాత బిల్డింగ్ ప్లాన్‌లోంచి అలాగే తెచ్చి పెట్టింది. అది ఎండాకాలంలో పోసిన స్లాబు. ఇంత చలిలో కాంక్రీటు అంత త్వరగా గట్టిపడదు. విప్పేది ఇవాళే.

ఫోన్ చేసింది. స్ట్రూన్ ఎత్తలేదు. పనిలోకి దిగేముందు ఫోన్లన్నీ లాకర్లో పెట్టేస్తారు. ఆఫీసుకు చేస్తే అక్కడా ఎవరూ ఎత్తలేదు. ఎఫీని నర్సరీ ఆయా చేతిలో పెట్టి సైటుకి పరిగెత్తింది.

అక్కడ కాంక్రీటు పరీక్ష ఫలితం రాకముందే, షీట్‌లో ఉందిగా అని ఫోర్‌మన్ పని మొదలుపెట్టించేశాడు.

"విప్పకండి! బయటికి రండి!"

"ఏంటమ్మడూ, మేస్త్రిని చూడకపోతే పొద్దు పోవట్లేదా?" అని లోపల ఎవరో నవ్వారు.

స్ట్రూన్ ఆమె ముఖం చూశాడు. జోకు వెయ్యలేదు. "అందరూ బయటికి!" అని ఒక్కొక్కణ్నీ తోసి, తను చివర నడిచాడు. స్లాబు మూల విరిగి అతని కాళ్ల మీద పడింది.

సీనియర్ ప్లానర్ గెడ్డెస్ ఆసుపత్రి వరండాలో ఆమె పక్కన కూర్చున్నాడు. "సరిచూడాల్సింది నేను. చూడకుండా సంతకం పెట్టాను తల్లీ," అన్నాడు. ఆ మాటతో ఆమె గుండె బరువేమీ తగ్గలేదు.

"ఆ గీత నాది," అని లోపలికెళ్లి మంచం మీదున్న స్ట్రూన్‌కి చెప్పేసింది.

"తెలుసు. పరిగెత్తుకొచ్చిందీ నువ్వే." ఆమె వైపు తిరిగాడు. "శనివారం ఇంకా ఖాళీ లేదా?"

"నువ్వు నడిచేదాకా ఆ గీతను ముందుకి జరుపుతూ పోతా."

"నడవలేకపోతే?"

అతను నడవలేకపోవచ్చని డాక్టర్లు కూడా అన్నారు. మోర్వెన్ అతని చెయ్యి పట్టుకుంది.

"చక్రాల కుర్చీ వెళ్లే దారి చూసి గీస్తా. నాకు నువ్వు కావాలి స్ట్రూన్. ఎఫీకి కూడా."

అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

మీ ఇంటి మనిషి ఎవరైనా కొత్త స్లాబు కింద పని చేస్తుంటే, ఇవాళ ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఎత్తకపోతే, వెళ్లి చూసి రండి.