కింద ఉన్నా

ఆ మెట్ల దగ్గర ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు.

ఆ భవంతిలో అద్దెకు దిగే ప్రతివాళ్ళకీ, తాళంచెవి చేతిలో పెట్టకముందే ఈ మాట చెప్పేవారు.

ఒకప్పుడు అది బ్యాంకు. నేలమాళిగలో డబ్బు దాచే స్ట్రాంగ్ రూమ్, దానికి నిలువెత్తు ఇనప తలుపు. బ్యాంకు ఎత్తేశారు గానీ ఆ తలుపు ఎత్తే మొనగాడు దొరక్క అక్కడే వదిలేసి పోయారు. బ్యాంకు నడిచే రోజుల్లో ఒక క్యాషియర్ ఆ గదిలో ప్రాణం వదిలాడంటారు. గుండె ఆగిందని కొందరు, లోపలుండగానే తలుపు వేసేశారని కొందరు. ఎలా పోతేనేం... చీకటి పడ్డాక ఆ మెట్ల కిందినుంచి పిలుపు వస్తుందట. ఊరికే కాదు — మన పేరు పెట్టి. పలికామా, అంతే సంగతులు.

నిజమో అబద్ధమో తేల్చుకుందామని దిగినవాళ్ళెవరూ లేరు.

ఆ గదికి సరిగ్గా నెత్తిమీద, నేల అంతస్తులో, ఒకావిడ కట్టుడు పళ్ళు తయారుచేసేది. డాక్టర్లు నోటి కొలతలు పంపితే ఈవిడ కంప్యూటర్‌లో పళ్ళు గీసి, ఊరి అవతల ఉన్న కోత మిషన్‌కి నెట్‌లో పంపాలి. అక్కడ చెక్కి ఇచ్చిన పళ్ళని మళ్ళీ ఇక్కడ సానబట్టి మెరుగుపెట్టాలి. బల్లల మీద, అలమరాల్లో, కిటికీ గట్టు మీద కూడా ప్లాస్టర్ దవడలే. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయేవారు. భవంతిలో అందరూ ఆవిడని పళ్ళమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది వైఫై బాగుచేసే అతను.

అతనికీ ఒక పేరుంది — అరగంట. అది పెట్టింది ఈవిడ. ఎప్పుడు ఫోన్ చేసినా "అరగంటలో నీ ముందుంటా చెల్లెమ్మా" అనేవాడు. వచ్చేది మాత్రం మర్నాడు. అలా పిలుస్తారని అతనికి తెలియదు.

ఆ మధ్య పళ్ళమ్మ కంప్యూటర్‌కి ఓ మాయరోగం పట్టుకుంది. నడిచినంతసేపూ బుద్ధిగా నడుస్తుంది. ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే మాత్రం — వైఫై ఎవరో ఎరగనట్టు మొహం పెడుతుంది. పెట్టుకున్న సెట్టింగులూ పోయేవి, దాచుకున్న పాస్‌వర్డూ పోయేది. చుట్టుపక్కల నెట్‌వర్కుల లిస్టు తెరిచి, తనదేదో వెతుక్కుని, పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాలి. ప్రతిసారీ ఇదే తంతు.

అరగంట ఫోన్‌లోనే చాలా వైద్యాలు చేశాడు. "ఆ నెట్‌వర్క్‌ని పూర్తిగా తీసేసి, కొత్తగా కలుపమ్మా" అన్నాడు. కలిపింది. "డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వెయ్యి" అన్నాడు. వేసింది. సెట్టింగులన్నీ మొదటికి తెప్పించాడు. అన్నీ పనిచేసేవి... మళ్ళీ రీస్టార్ట్ చేసేదాకా.

"ఇదేం మతిమరుపు అన్నా! మా అత్తగారే నయం, మా ఇల్లయినా గుర్తుంటుంది" అంది ఆవిడ.

"ఇక కంప్యూటర్‌లో చెయ్యడానికేం లేదు చెల్లెమ్మా. వైఫై బాక్సే మార్చి చూస్తా. అరగంటలో వస్తున్నా."

అది సెలవులకు ముందురోజు మధ్యాహ్నం మాట.

సాయంత్రానికి వైఫై అసలుకే పోయింది. పళ్ళమ్మ చేతిలో ఒక ముసలావిడ పళ్ళ సెట్టు పని ఉంది. ఆ ముసలావిడ మర్నాడు పొద్దున్నే ఒక పెద్దమనిషి ఎదుట నిలబడి, తన ఇంటి తగువులో తనే మాట్లాడాలి. "పళ్ళు లేకుండా మాట్లాడితే నవ్వుతారమ్మా, నా మాట గాలికి పోతుంది" అని చేతులు పట్టుకుని మరీ చెప్పి వెళ్ళింది. ఫైలు ఈ రాత్రి మిషన్‌కి చేరితేనే పొద్దుటికి పళ్ళు; మెరుగు ఇంట్లోనే పెట్టుకోవచ్చు. పళ్ళమ్మ ఫోన్‌లోంచి పంపుదామంటే అంత బరువు ఫైలు సగంలోనే ఆగిపోతోంది.

అరగంటకి ఫోన్ చేసింది. అందుబాటులో లేదంది. మళ్ళీ చేసింది. అదే మాట.

"రానివ్వు, ముందు ఈయన పళ్ళు పీకి తర్వాతే మాట్లాడతా" అనుకుంటూ సానబట్టే మోటారు వేసుకుని వేరే పనిలో పడింది. ఆ మోత ముందు పిడుగు పడ్డా వినబడదు.

మోటారు ఆపేసరికి భవంతి అంతా ఖాళీ అయిపోయింది. వరండాలో లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. కాపలా తాత గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకా వెళ్ళలేదా అమ్మా? గేటు వేసేస్తాను. మళ్ళీ సెలవులయ్యాకే తీసేది."

"ఒక్క ఫైలు తాతా. పంపేసి వచ్చేస్తా."

తాత వెళ్ళాడు. ఆవిడ కంప్యూటర్ రీస్టార్ట్ చేసింది. ఎప్పట్లాగే అన్నీ మర్చిపోయి లేచింది. లిస్టు తెరిచింది.

తమ భవంతి నెట్‌వర్క్ లేదు. వీధి అవతలి షాపులవి రెండు మూడు, వాటి కింద ఎప్పుడూ చూడని పేరొకటి. ఎవరో మగమనిషి పేరు. పాతకాలపు పేరు. సిగ్నల్ ఒక్క గీతే.

ఎవరో కొత్తగా వచ్చారేమో అనుకుంది. కాసేపాగి మళ్ళీ రీస్టార్ట్ చేసింది.

ఆ మగమనిషి పేరు లేదు. దాని చోట —

*పళ్ళమ్మా*

ఆవిడ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఎవడో ఆకతాయి... అనుకోబోయింది. కానీ భవంతిలో తనూ తాతా తప్ప ఎవరున్నారు? తాత దగ్గరున్నది బటన్ల ఫోన్.

 ఆ పేరు మీద నొక్కలేదు. నొక్కితే... పలికినట్టే కదా?

కంప్యూటర్ ఆపేసింది. ఆపి, తెలిసి తెలిసీ మళ్ళీ వేసింది. చూడకుండా ఉండలేకపోయింది.

*కింద ఉన్నా*

కాళ్ళ కింద నేల ఒక్కసారి చల్లబడ్డట్టయింది. ఈ నేల కిందే... ఆ గది కప్పు.

ఆవిడ చూస్తుండగానే ఆ పేరు లిస్టులోంచి మాయమైంది. ఊపిరి పీల్చుకుందామనుకునేలోపే మళ్ళీ వచ్చింది. ఈసారి —

*తలుపు తీయి*

ఇక ఆగలేదు. సంచీ లాక్కుని, మోచెయ్యి తగిలి కిందపడ్డ ప్లాస్టర్ దవడలని తొక్కుకుంటూ పరుగెత్తింది. నేలమాళిగ మెట్ల పక్కనుంచి పోతున్నప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. గేటు దగ్గర తాత ఆవిడ మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"పిలిచిందా?" అన్నాడు గుసగుసగా.

తల ఊపింది.

"పలికారా?"

"లేదు."

"బతికిపోయారు. వెనక్కి చూడకుండా వెళ్ళిపోండి."

వెళ్ళింది. వీధి చివర వరకూ వెళ్ళింది. మందుల షాపు వెలుతురులోకి చేరాకే ఆగింది. అప్పుడు... భయం కొంచెం పక్కకి జరిగాక, ఒక చిన్న అనుమానం వచ్చింది.

క్యాషియర్ పోయి ఎన్నేళ్ళో అయింది. పళ్ళమ్మ అన్న పేరు నిన్నగాక మొన్న పుట్టింది. అది అతనికెలా తెలుసు?

ఇంకో సంగతి. మామూలుగా ఎవరూ ఆ లిస్టు తెరవరు. కంప్యూటర్ దానంతటదే కలుస్తుంది. తన కంప్యూటర్ మర్చిపోతుందనీ, తను ఆ లిస్టు చూడక తప్పదనీ తెలిసినవాళ్ళెవరు?

ఆవిడ అరగంట ఇంటికి ఫోన్ చేసింది. అతని భార్య తీసింది.

"అన్నయ్య ఉన్నారా వదినా?"

"అదేంటమ్మా, మీ దగ్గరికే కదా వచ్చింది! మధ్యాహ్నం కొత్త బాక్స్ పట్టుకుని, కంచం ముందునుంచి లేచి వెళ్ళారు. ఫోనూ కలవట్లేదు. మీ దగ్గర లేరా?"

పళ్ళమ్మ అప్పటికే వెనక్కి పరుగెత్తుతోంది.

తాత గేటుకి అడ్డం నిలబడ్డాడు. "వద్దమ్మా. తెలిసినవాళ్ళలాగే పిలుస్తుంది. నాకు ముందు పనిచేసినవాడు కూడా చెప్పాడు—"

"మధ్యాహ్నం నువ్వు గేటు దగ్గరున్నావా?"

తాత నసిగాడు. "అన్నం తిన్నాక... ఓ కునుకు..."

"టార్చి ఇవ్వు తాతా. నువ్వు రాకపోయినా సరే, నేను దిగుతా."

తాత రాలేదు. పైమెట్టు మీదే నిలబడ్డాడు. ఆవిడ గోడకి చెయ్యి ఆనించుకుని ఒక్కో మెట్టూ దిగింది. తడి వాసన. తుప్పు వాసన. చివరి మెట్టు మీద టార్చి వెలుగులో ఏదో తళుక్కుమంది.

అట్టపెట్టె. సీలు కూడా విప్పని కొత్త వైఫై బాక్స్. దాని పక్కన ఒక జత చెప్పులు.

"తాతా! ఇనప కమ్మీ తీసుకురా! మనిషున్నాడు!"

ఆ అరుపుకి తాత దిగక తప్పలేదు. ఆ తలుపు చక్రం ఇద్దరూ కలిసి తిప్పితే కదల్లేదు. కమ్మీ దూర్చి, ఆవిడ తన బరువంతా వేసి వేలాడింది. ఎక్కడో లోపల ఇనుము మూలిగింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఉక్కిరిబిక్కిరి చేసే వేడి గాలి మొహానికి కొట్టింది.

ఆ సందులోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళు తడుముకుంటూ... ఆవిడ కొంగు పట్టుకున్నాయి.

తాత "అమ్మో" అని కూలబడ్డాడు. పళ్ళమ్మ మాత్రం ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. వేడిగా ఉంది. చెమటతో జారిపోతోంది. బతికున్న చెయ్యి.

కమ్మీతో తలుపు ఇంకాస్త తెరిచి, అరగంటని తలుపు దగ్గరికి లాగి గోడకి చేరేసి కూచోబెట్టారు. గొంతులోంచి మాట రావడానికి సీసాడు నీళ్ళు తాగాల్సివచ్చింది.

వైఫై బాక్స్ దొంగలెత్తుకుపోకుండా భవంతి సొంతదారే ఆ గదిలో పెట్టించాడు. దెయ్యం కాపలా ఉన్నచోటికి దొంగ దిగడు కదా. అరగంట బయటి స్విచ్‌తో కరెంటు తీసి, పాత బాక్స్ విప్పడానికి లోపలికెళ్ళాడు. తలుపు దాని బరువుకి అదే వచ్చి పడింది. లోపలివైపు పిడి ఎప్పుడో ఊడిపోయింది. కరెంటు లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు.

"అరిచి అరిచి గొంతు పోయింది చెల్లెమ్మా. పైన నీ మోటారు మోత ఒకటే. అప్పుడు తట్టింది. ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా హాట్‌స్పాట్ పెట్టొచ్చు కదా. దానికి పెట్టిన పేరు చుట్టుపక్కల వైఫై లిస్టుల్లో కనబడుతుంది కదా. పైకి వైర్లు పోయే గొట్టం కింద నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకున్నా. నీ కంప్యూటర్ మర్చిపోతుంది, నువ్వు లిస్టు తెరుస్తావు అని ఒకటే ఆశ. ఆ పేరులో పట్టేదే నాలుగు ముక్కలు."

"పళ్ళమ్మా అని కాకుండా ముందే మీ పేరు రాయొచ్చు కదన్నా! నేను ప్రాణాలరచేత పట్టుకుని పారిపోయాను."

అరగంట ఆవిడ వంక అయోమయంగా చూశాడు.

"ముందు రాసింది నా పేరే కదమ్మా."

 ఆ పాతకాలపు పేరు... ఇన్నేళ్ళుగా ఇంటి మనిషిలా వచ్చిపోయే అతని పేరు. తను ఎన్నడూ అడగలేదు.

కన్నీళ్ళు తిరిగాయి. "వెళ్ళిపోయాను అన్నా. వీధి చివరిదాకా వెళ్ళిపోయాను" అంది.

"వచ్చావుగా" అన్నాడతను. "సెలవులయ్యేదాకా ఉంటే... వద్దులే, ఆ మాటెందుకు."

తాత ఇంకా టార్చి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.  దెయ్యం లేదని తేలాక మనిషి నిమ్మళించాలి. ఆయన మొహం ఇంకా పాలిపోతోంది.

"ఏమైంది తాతా? కూచో, మనిషే కదా" అంది పళ్ళమ్మ.

"అదేనమ్మా." అన్నాడు తాత. "మనిషే కదా... అదే ఆలోచిస్తున్నా."

"ఏంటి?"

"పోయిన ఎండాకాలం... సెలవుల్లో... కిందినుంచి కొట్టిన చప్పుడు వినబడింది. దబదబా. ఒక రాత్రంతా కొట్టింది. మర్నాడు రాత్రి కూడా కొట్టింది, మెల్లగా. నేను గేటవతల కూచుని చెవులు మూసుకున్నా." ఆయన ఆగాడు. "ఆ మర్నాడు కొట్టలేదు. పీడ పోయిందనుకున్నా."

పళ్ళమ్మ అరగంట వైపు తిరిగింది.

"ఆ సెలవులయ్యాక నేనొచ్చి ఈ తలుపు తెరిచా" అన్నాడు అరగంట నెమ్మదిగా. "ఈ గదిలో ఎవరూ లేరు. ఖాళీ."

ఈ గదిలో.

టార్చి వెలుగు దానంతటదే జరిగినట్టు గది వెనకవైపుకి పాకింది. పాత బాక్స్ వేలాడుతున్న గోడ పక్కన, ఇంకో ఇనప తలుపు. చిన్నది. ఒకప్పుడు లాకర్లు పెట్టుకున్న లోపలి గది. దానికీ బయటివైపే చక్రం. చక్రం మీద దుమ్ము పేరుకుని ఉంది.

అరగంట మధ్యాహ్నం నుంచీ ఆ చీకట్లో వీపు ఆనించుకుని కూచున్నది దానికే. చొక్కా వెనక తుప్పు మరక ఉంది.

"ఇక రేపు చూద్దామమ్మా" అన్నాడు తాత. ఏడుస్తున్నట్టున్నాడు. "రేపు... పోలీసుల్ని పిలిచి..."

పళ్ళమ్మ లేచింది. ఆ తలుపు దగ్గరికి వెళ్ళింది. తర్వాత వేలి కణుపులతో ఆ ఇనుము మీద మెల్లిగా తట్టింది.

"ఎవరండీ..." అంది. "లోపల ఎవరండీ?"