వెలగని ఎర్ర లైటు

మధ్యాహ్నం 3.52కి ఇరుకు వంతెన మీద కారు ఆగిపోయింది. వెనక బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. 4.20కి వెనక సీట్లో పెద్దావిడ ఊపిరి ఆగిపోయింది. ఆస్పత్రి ఇంకా రెండు మైళ్లు.

మర్నాడు పదింటికి పోలీస్ స్టేషన్ వెనక షెడ్డులో ఆ కారు చుట్టూ నలుగురు నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్, మెకానిక్, పెద్దావిడ కొడుకు, చేతికి బేడీలతో డ్రైవర్. పాపం, వాళ్లింట్లో పనిలో చేరి నాలుగు రోజులే.

వెనక అద్దం మీద ‘కారు అమ్మబడును’ అన్న కాగితం వానకు నాని వేలాడుతోంది.

"ఆగేముందు ఏమైంది?" ఇన్‌స్పెక్టర్ డ్రైవర్ని అడిగాడు.

"వాన సార్. హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ వేశాను. కాసేపటికి వైపర్లు నీరసించాయి. హెడ్‌లైట్లు మసకబారాయి. ఇంజిన్ పోయింది."

మెకానిక్ అందుకున్నాడు. "వేరే బ్యాటరీ పెట్టి చూశాను సార్. ఇంజిన్ నడుస్తుంటే పద్నాలుగు వోల్టులు రావాలి. పన్నెండు దాటలేదు. ఆల్టర్నేటర్ చచ్చింది. చార్జింగే లేదు."

కొడుకు ఇంతెత్తున లేచాడు. "అయితే డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగుండాలిగా! చూసీ చూడనట్టు తోలాడు! మా అమ్మని పొట్టన పెట్టుకున్నాడు!"

"ఒట్టు సార్! ఏ లైటూ వెలగలేదు."

"వీడి మాట నమ్ముతారా?"

ఇన్‌స్పెక్టర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు.

ఆయిల్ గుర్తు వెలిగింది. బ్రేక్ గుర్తు వెలిగింది. సీటు బెల్టు గుర్తూ వెలిగింది.

"ఏది తక్కువైంది?"

మెకానిక్ తొంగి చూశాడు. "బ్యాటరీ బొమ్మ సార్! తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజిన్ అందుకున్నాక ఆరాలి."

అందరూ వెలిగే లైటు కోసం వెతికారు. వెలగనిదాన్ని వెతికినవాడు లేడు.

ఇన్‌స్పెక్టర్ డయల్ అద్దం మూలన గోటితో గీకాడు. ఏదో ఊడొచ్చింది. గోరంత ముక్క. పైన నల్ల సిరా, కింద గుడ్డ, జిగురు.

దాని వెనక ఎర్రటి బ్యాటరీ బొమ్మ భగ్గుమంది.

ఆయన ఆ ముక్కని వెలుగులోకి ఎత్తి చూశాడు. పొద్దున మార్చురీలో పెద్దావిడ చెయ్యి చూశాడు. సెలైన్ సూది తీసినచోట ఇదే ప్లాస్టర్.

"మీ అమ్మ మందుల డబ్బాలోదేనా?"

కొడుకు వెనక అద్దం మీది కాగితం వైపు చూశాడు.

"ఆదివారం కొనేవాళ్లు వస్తున్నారు... లైటు చూస్తే బేరం చెడుతుందని... అమ్మకిలా అవుతుందని నాకేం తెలుసు?"

"పరాయివాడి కోసం గొయ్యి తవ్వావు. అందులో కన్నతల్లిని పడేశావు. పైగా మట్టి వీడి మీద పొయ్యడానికొచ్చావు. ఛీ!"

బేడీలు డ్రైవర్ చేతుల నుంచి కొడుకు చేతులకి మారాయి. ఇన్‌స్పెక్టర్ కుళాయి దగ్గరికెళ్లి సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగాడు. జిగురు వదిలింది. రోత వదల్లేదు.

డ్రైవర్ ఇంకా ఆ ఎర్ర బొమ్మనే చూస్తున్నాడు.

"వంతెనకి ఇవతలే అంబులెన్సు నిలబడి ఉంది సార్. ఇది ముందే కనబడుంటే అక్కడే ఆపేసేవాణ్ణి."