దొంగపదును

నాలుగు నెలలుగా ముట్టడిలో నలిగిపోతున్న ఉదుమల దుర్గం ఆనాడు ఏ పండుగనాడూ మేలుకోనంత పెందలకడనే మేలుకొన్నది. మూడు ప్రాకారాల మీదా జనమే. చంటిబిడ్డల తల్లులు, కర్ర ఊతగా వచ్చిన ముసలివారు, గాయాలకు పసరుకట్లు కట్టుకొన్న భటులు, అందరి చూపులూ కోటగవని ముందరి ఎర్రమట్టి మైదానం మీదనే నిలిచి ఉన్నవి. దానికి అవతల శత్రువుల గుడారాలు కొండచరియ దాకా పరచుకొని ఉన్నవి. కోటలో గాదెలు అడుగంటినవి. ఆ పూట ఇద్దరు వీరులు ద్వంద్వయుద్ధం చేయవలె. కోట పక్షాన సేనాని చౌండనాయకుడు గెలిచెనా, శత్రువు ముట్టడి విడిచి పోవలె. ఓడెనా, గవని తలుపులు తెరవవలె. ఉభయ రాజులూ అట్లు ప్రమాణం చేసికొన్నారు. ఇదివరకు తలుపులు తెరచిన కోటల్లో ఏమి జరిగిందో ఎరిగినవారు పిల్లల ఎదుట ఆ మాట ఎత్తడం లేదు.

ఆ యుద్ధానికి ముందునాటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది.

చౌండనాయకుని ఖడ్గం అతని తాతనాటి ఉక్కు. మామూలు ఇనుపకత్తి అయితే రెండు పాటలు పాడేలోగా పదునెక్కుతుంది. ఈ ఉక్కు అట్లా లొంగదు. ఏటిరాయి మీద పెడితే రాయే అరిగిపోతుంది. కురువిందరాళ్ళను దంచి, జల్లించి, ఆ పొడిని లక్కలో కలిపి పోసిన సాన మీద పొద్దున మొదలుపెడితే వాలుపొద్దుకు వాదర, అంటే కోసే అంచు, తేలుతుంది. అప్పటికైనా పని ముగియదు. వాదర వెంబడి వెంట్రుకలో సగం మందాన ఉక్కుతీగ ఒకటి వేలాడుతూ మిగులుతుంది. ఆ కత్తితో ముంజేతి రోమాలు గొరిగితే నున్నగా దిగుతవి, చూసినవారు అబ్బ ఏం పదును అంటారు. కాని యుద్ధంలో మొదటి దెబ్బకే ఆ తీగ మడతపడి, వాదర మొద్దుబారిపోతుంది. సానవారు దానిని దొంగపదును అంటారు. నూనె రాసిన ఎనుముతోలు మీద కత్తిని వెనక్కు, వెనక్కు, వందలమార్లు లాగితేగాని అది ఊడిరాదు.

ఆ పని ఎరిగిన ఇల్లు కోటలో ఒక్కటే. సాన వీరోజుకు రాతిరవ్వలు పడి పడి పదేళ్ళనాడే చూపు పోయింది. అప్పటినుండి సాన తిప్పేదీ, తోలు మీద లాగేదీ అతని భార్య పోలమ. కడపట పదును చూసేది మాత్రం వీరోజు బొటనవేలు. పదును మాటలో అతడు బొంకడని లోకమంతా ఎరుగును. పాతరాజు ముచ్చటపడి చేయించుకొన్న కత్తిని, "ఇది గుమ్మడికాయ కోయడానికి బాగుంటుంది దేవరా" అని నిండుసభలో చెప్పి, కొరడా దెబ్బలు తిన్నవాడు.

మహామంత్రి మాచనకు ఈ సంగతులన్నీ తెలుసును. కోట పడితే దాని పాలన తనకే దక్కేటట్లు శత్రురాజుతో లోపల లోపల మాట అయినవాడు అతడు. బురుజు కింద గుడిసెలో రాళ్ళు పడతవన్న నెపంతో వీరోజును తన మేడకు తరలించి, తరువాత పోలమను పిలిపించాడు.

"పోలమా, నీ పనిలో సగం చేస్తే చాలును. సేనాని కత్తికి సాన పట్టు, తోలు ముట్టకు. ఆ తీగ అట్లే ఉండవలె. రేపు పొద్దెక్కగానే కత్తిని ఇక్కడికి తే. నీ మగడే తడిమి చెప్పగలడు. తీగ లేదన్నాడా, నీ కళ్ళముందే అతని మెడ తెగుతుంది. ఉన్నదన్నాడా, ఇద్దరూ నా నీడన చల్లగా ముసలివారు కండి. బయట నోరు జారినా అతని మెడే."

"ఇప్పటికే ముసలివాళ్ళం గదా ప్రభూ" అన్నది పోలమ. పక్కనున్న భటులు కిసుక్కున నవ్వారు.

వారిలో ఒకడు కావలిగా ఆమె వెంట గుడిసెకు వచ్చి, గోడకున్న తోలుపట్టీ ఊడదీసుకొని గుమ్మంలో చతికిలబడ్డాడు. ఆమె సాన తిప్పింది. పొద్దు నడినెత్తికి వచ్చి వాలింది.

"అవ్వా, ఇంకా అరగలేదా? నీ కత్తి కంటె ముందు నా పళ్ళు అరిగేటట్లున్నవి ఈ జొన్నరొట్టెకు" అన్నాడు భటుడు.

"ఉక్కు నాయనా. దానికి తొందర తెలవదు."

వాదర తేలింది. గోటితో తడిమితే తీగ చిక్కింది. అంతటితో కత్తిని ఒరలో పెట్టేయాలనే అనుకొన్నది పోలమ. మగడు బ్రతికితే చాలు, కోటలు రాజులవి. కాని రేపు ఆయన బొటనవేలు ఈ అంచు మీద నడుస్తుంది. తన చేతితో తానే వదిలిపెట్టిన ఈ తీగ ఆయన వేలికి తగులుతుంది. ఆ తరువాత ఆయనకు అన్నం పెట్టడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు.

ఎడమ అరచేతిలో నూనె పోసికొని, మంగలి తన కత్తిని చేతి మీద నూరినట్లు, ఆ బారెడు ఖడ్గాన్ని అరచేతి మీద వెనక్కు లాగడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"తుప్పు పట్టకుండా నూనె రుద్దుతున్నా."

"రుద్దు రుద్దు" అని ఆవులించాడు వాడు.

తీగ తునకలు తునకలుగా ఊడి అరచేతిలో దిగబడింది. ఎన్నిమార్లు లాగిందో ఆమెకే తెలియదు. నూనె ఎర్రబడింది.

మరునాడు మేడలో మంత్రి ఎదుట వీరోజు చేతికి ఖడ్గాన్ని అందించారు. అతని వెనుక కత్తి దూసిన భటుడు. పోలమ స్తంభం పక్కన నిలబడి, ఈయనకు బొంకడం చేతకాదే అని తల్లడిల్లింది. బొటనవేలు అంచుకు అడ్డంగా పిడి నుండి కొన దాకా నడిచింది. మరల కొన నుండి పిడి దాకా వచ్చింది. తీగ ఎక్కడా లేదు.

వీరోజు ముఖం నల్లబడింది.

"సిగ్గు లేదటే పోలీ! పొడుగునా తీగే గదటే! పదేళ్ళు నేర్పింది ఏట్లో కలిపితివి. ఇంత పాడుపని నా ఇంట ఏనాడైనా జరిగిందా? ప్రభూ, ఈ కత్తి తీసుకపొండి. దీన్ని తాకిన వేలు కడుక్కోవాలి నేను."

మంత్రి పకపక నవ్వి, ఖడ్గాన్ని పళ్ళెరంలో పెట్టి మేళతాళాలతో మైదానానికి పంపించాడు. యుద్ధం ముగిసేదాకా ముసలివాడు ఇక్కడే ఉంటాడన్నాడు.

"ఇంకా ఎందుకు నిలబడ్డావు? నడు" అన్నాడు వీరోజు. తరువాత గొంతు తగ్గించి, "గడప అవతల మెట్టు విరిగింది. చూసుకొని దిగు" అన్నాడు.

మైదానంలో శత్రువుల జెట్టి మూడుపొరల తోలుకవచం తొడిగి వచ్చాడు. చౌండనాయకుని మొదటి దెబ్బకు ఒక పొర తెగింది. తరువాత ఎన్ని దెబ్బలు పడినా వాదర మడతపడలేదు. ఎండ ముదిరేవేళకు జెట్టి మోకాళ్ళ మీద కూలాడు. ప్రాకారాల మీది జనం ఒక్క గొంతుగా ఏడ్చారు, నవ్వారు. బురుజు మీదనుండి చూస్తున్న మాచన మాత్రం మేడకు పరుగెత్తి, వీరోజు మెడ మీద అన్నంత పనీ చేసి, దొంగగవని దారిన పారిపోబోయి సేనాని మనుషులకు చిక్కాడు. మేడ కావలివాడే రాజు కాళ్ళమీద పడి సర్వమూ చెప్పుకొన్నాడు.

భుజాన గాయంతో, ఒంటరిగా, చౌండనాయకుడు పోలమ గుడిసెకు వచ్చాడు. ఆమె భర్త తల ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉన్నది. సేనాని నేలమీద కూర్చొన్నాడు.

"తల్లీ, ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే నా సేననంతా ఆ మేడమీదికి నడిపించేవాడిని. ఆయనను దక్కించుకొనేదానివి."

"నీవు మేడ గవని దాటేలోగానే ఆయన తల తెగేది దొరా. ఆ సంగతి ఆయనకూ తెలుసు."

"నీ పసుపుకుంకుమలు నా గెలుపు తీసుకొన్నదమ్మా."

పోలమ తల అడ్డంగా ఊపింది.

"నీ గెలుపు కాదు. పొడుగునా తీగ ఉన్నదని ఆయన బొంకాడు చూడు, అప్పుడే నేను విధవనైతిని. మనిషి నా ఎదుటే బ్రతికి ఉన్నాడు. తిడుతున్నాడు. నేను సరేనని మెట్టు చూసుకొని దిగి వచ్చితిని."