ప్రశ్నలు లేని పాఠం

టీచరు వేషంలో తిరుగుతున్న శత్రువుల కొరియర్, చేతులకు బేడీలు పడేలోపే సయనైడ్ గుళిక కొరికి చచ్చాడు. వాడి సంచిలో దొరికింది ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం ఒక్కటే.

"వాటర్ ప్లాంట్‌లో బాంబు పెట్టారు. పన్నెండింటికి పేలుతుంది. ఎక్కడుందో ఆ పుస్తకంలోనే ఉందని ఫోన్ ట్యాప్‌లో విన్నాం," అన్నాడు చీఫ్. "అక్కడి క్లోరిన్ బయటికొస్తే సగం ఊరు మిగలదు."

ఆఫీసులో అందరూ మాస్టారు అని పిలిచే ఏజెంటు ల్యాబ్‌లోకి వెళ్లాడు. అల్ట్రావయలెట్ దీపం కింద పుస్తకం వెల్లకిలా పడి ఉంది.

"సీక్రెట్ ఇంకు లేదు మాస్టారూ. చుక్కలో రాత దాచే మైక్రోడాట్ కూడా లేదు," అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు.

"చదివావా?"

"ఏంటి?"

"పుస్తకం."

అసిస్టెంటు దీపం ఆర్పేశాడు.

"నేను చదువుతున్నాగా," అంది పుస్తకం మీదికి వంగి ఉన్న నెమలి. పరాయి ముఠాని వదిలి మనవైపు వచ్చానని చెప్పుకునే అందగత్తె ఆమె. పట్టు స్కార్ఫు, గది నిండా సెంటు. "మొదటి పేజీ నుంచి, అక్షరం వదలకుండా. ఇప్పుడే అయస్కాంతాల దాకా వచ్చా."

"నవలనుకున్నావా? జరుగు."

విషయసూచిక కోసం చూశాడు. లేదు. కుట్టు దగ్గర చిరిగిన అంచు మాత్రం ఉంది.

"వాడే చింపుంటాడు," అంది నెమలి.

మాస్టారు ఒక్కో పాఠం చివరి పేజీ మాత్రమే తిప్పాడు. అన్నిటికీ చివర ప్రశ్నలున్నాయి. ధ్వనికీ కాంతికీ మధ్య ఇరికించిన 'నీటి సరఫరా' పాఠానికి మాత్రం లేవు. ప్రశ్నలు వేయకుండా పిల్లల్ని వదిలేసే పాఠం ఏ దేశంలో అచ్చవుతుంది? ఇలాంటి వెధవల చేతికి బాంబులెందుకు రానిస్తాడో దేవుడు. బుర్ర మాత్రం రానివ్వలేదు, అదే దయ.

ఆ పాఠంలో లావు అక్షరాల్లో ఒకే మాట ఉంది: 'నిశ్శబ్ద పాత్ర'. లావు అక్షరాల మాటలకు అర్థాలు పుస్తకం చివర ఉంటాయి. అక్కడికి తిప్పాడు.

'నిశ్శబ్ద పాత్ర: మూడో ఫిల్టర్ దగ్గర, ఇనప నిచ్చెన వెనుక ఉండే డబ్బా.'

వాటర్ ప్లాంట్‌లో వెతుకుతున్న టీమ్‌కి ఫోన్ చేశాడు. "గంట కొట్టారా?"

"ఇంకా బడి వదల్లేదు," అంది కోడ్ ప్రకారం అవతలి గొంతు.

"మూడో ఫిల్టర్. నిచ్చెన వెనక. పరిగెత్తు."

వెనుక లిప్‌స్టిక్ మూత తీసిన చప్పుడు. లిప్‌స్టిక్ వేసుకునే సమయం కాదది. మాస్టారు తిరక్కుండానే పుస్తకంతో వెనక్కి ఒక్కటి వేశాడు. లిప్‌స్టిక్ పిస్టల్ నేలమీద దొర్లింది. హ్యాండ్‌బ్యాగు బోర్లాపడి, మడత పెట్టిన విషయసూచిక బయటికొచ్చింది.

గడియారం పన్నెండు కొట్టబోతుండగా ఫోన్లో ఆయాసం వినిపించింది. "వైరు కోసేశాం మాస్టారూ. ఒక్క సెకనుంది."

మాస్టారు నెమలికేసి చూశాడు. "అందరి ముందూ పాఠం చింపలేక, ఆ పాఠం పేరు లేని ముందు పేజీ చింపావు, సరే. పుస్తకానికి వెనక కూడా ఉంటుందని తెలీదా?"

"నేనెప్పుడూ గైడు చదివే పాసయ్యా," అని గొణిగింది.

"తెలుస్తూనే ఉంది."

చీఫ్ పరుగున వచ్చాడు. "శభాష్. రిపోర్టు నేనే రాస్తా. ఏం రాయమంటారు?"

"మీ ఇష్టం. చివర ప్రశ్నలు మాత్రం మర్చిపోకండి."